తీర్పు తీరినవారి సమాధానము

(రోమా 5 : 1–11)

మన ప్రసంగపీఠములపై మిక్కిలి తరచుగా వినబడుచు, మిక్కిలి తక్కువగా వివరింపబడు మాటలు కొన్ని కలవు. "నీతిమంతులుగా తీర్చబడుట" అనునది వాటిలో మొదటిది. ఉజ్జీవకూటములలోను, సంస్కరణ ఆదివారమునను, బాప్తిస్మమునకు సిద్ధపడువారి తరగతులలోను ఈ మాట తప్పక వచ్చును. దాని వెంట ఆశీర్వాదముల పట్టిక వచ్చును. బోధకుడు వ్రేళ్లు ముడిచి లెక్కపెట్టును: సమాధానము, కృపలోనికి ప్రవేశము, మహిమనుగూర్చిన నిరీక్షణ, శ్రమలయందు అతిశయము, ఆత్మద్వారా కుమ్మరింపబడిన ప్రేమ. వినువారు తల ఊపుదురు. తల ఊపినవారిలో ఒక వృద్ధురాలిని పిలిచి, "అమ్మా, నీ పాపములు క్షమింపబడినవా?" అని అడిగి చూడుడు. "ఏటో బాబూ, ఆ ప్రభువు దయ. ఆకరికేటవుతాదో ఎవులికి తెలుసు?" అనును.

దీనిని వినయమని మెచ్చుకొనువారు కలరు. నేను మెచ్చుకొనలేను. నలువది సంవత్సరములు దేవుని మందిరములో కూర్చుండిన మనిషికి తన వ్యాజ్యెము తీరినదో లేదో తెలియకుండుట ఆమె దోషము కాదు. ఆమెకు మనము అందించిన మాటలలోను, పాడించిన పాటలలోను ఎక్కడో కొరత యుండవలెను. ఆ కొరతను వెదకుటకై మొదట మన తెలుగు బైబిలులోని ఒకటి రెండు మాటలను, పిమ్మట మన ప్రాంతపు కవి పురుషోత్తమ చౌదరిగారి కీర్తనను పరిశీలింతము.

"తీర్చు" అను క్రియ తెలుగువాని నోట ఎన్ని పనులు చేయునో చూడుడు. అప్పు తీర్చుదుము. ఆకలి తీర్చుదుము. మ్రొక్కు తీర్చుదుము. తగవు తీర్చుదుము. సంక్రాంతినాడు ముంగిట ముగ్గు తీర్చుదురు. బిడ్డ నుదుట బొట్టు తీర్చుదురు. పలక పట్టించి, అక్షరములు దిద్దించి, బాలుని తీర్చిదిద్దుదురు. న్యాయాధిపతి తీర్పు తీర్చును. ఈ వాడుకలు రెండు కుటుంబములుగా విడిపోవును. ఒక కుటుంబములో ఒక పని ముగియును. అప్పు ఇక లేదు, తగవు ఇక లేదు. రెండవ కుటుంబములో ఒక వస్తువు చక్కబడును. గీత వంకర పోకుండ, బొట్టు చెదరకుండ, కొంచెము కొంచెముగా రూపు వచ్చును. పౌలుగారు వ్రాసిన గ్రీకు క్రియ మొదటి కుటుంబమునకు చేరినది. అది న్యాయస్థానపు మాట. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయారంభమున న్యాయాధిపతుల పని యేమో చెప్పబడినది: నిర్దోషిని నిర్దోషియనియు, దోషిని దోషియనియు ప్రకటింపవలెను. న్యాయాధిపతి తన యెదుట నిలిచినవానిని మంచివానిగా తయారుచేయడు; వాడు న్యాయము ఎదుట ఎవడో చెప్పును. చెప్పిన క్షణమున వ్యాజ్యెము తీరిపోవును.

కాని మన విశ్వాసి చెవికి వినబడునది తరచుగా రెండవ కుటుంబము. ముగ్గు తీర్చినట్లు దేవుడు నన్ను మెల్లమెల్లగా తీర్చుచున్నాడు, పని ఇంకను ముగియలేదు, అని అతడు అనుకొనును. అట్లనుకొనినవాడు వెంటనే తన్ను తాను చూచుకొనును. నిన్న కోపపడితిని; మొన్న సంతలో అబద్ధమాడితిని; గీత ఇంకను వంకరగానే యున్నది. ఇక నోట వచ్చు మాట "ఆకరికేటవుతాదో" అనునదే. ఒక క్రియకు రెండర్థములుండుటవలన ఒక మనిషికి రావలసిన సమాధానము దారి తప్పినది.

ఇది తెలుగువారికి మాత్రమే కలిగిన చిక్కు కాదు. లాటిను బైబిలులో ఈ క్రియకు వాడిన మాటను విడదీసినయెడల "నీతిమంతునిగా చేయుట" అను అర్థము వచ్చును. అగస్టీను అంతటి మహాపండితుడు దానిని అట్లే గ్రహించెను. పడమటి సంఘము వేయి సంవత్సరములు ఆ దారిని నడచెను. మార్టిన్ లూథరు రోమా పత్రికతో పెనుగులాడినది ఈ మాట దగ్గరనే. 1530లో ఆగ్స్‌బర్గు విశ్వాసప్రమాణపు నాలుగవ అంశముగా నిలిచినదియు ఇదే. ఆ వివాదములో ఎదురెదురుగా నిలిచిన రోమను కథోలిక సంఘమును, లూథరన్ సంఘములును 1999 అక్టోబరు 31న అదే ఆగ్స్‌బర్గు పట్టణములో ఈ సిద్ధాంతముపై ఉమ్మడి ప్రకటనకు సంతకములు చేసిరి. నాలుగు శతాబ్దములకు పైగా ఒక క్రియ ఖండములను విడదీసినదనగా, మన వృద్ధురాలు తడబడుటలో వింత లేదు.

ఈ మాటలు వ్రాయుచున్నది పాతపట్నములో. ఇది రెండు భాషలు కలియు ఊరు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పొరుగుననున్న పర్లాకిమిడి ఆవలికి పోయినది, పాతపట్నము ఈవల నిలిచినది. కాని నౌపడానుండి గుణుపురము పోవు రైలుకు ఆ గీత తెలియదు; సంతకు వచ్చువారికిని తెలియదు. ఇచ్చటి క్రైస్తవులలో ఇంట ఒడియా, వీధిలో తెలుగు మాటలాడువారు కలరు. అట్టివారి చేతిలోని ఒడియా బైబిలు తెరచి ఈ వచనము చదివించితిని. అక్కడ "తీర్చబడుట" లేదు. "ధార్మిక గణిత" అని యున్నది. అనగా ధార్మికులుగా లెక్కింపబడినవారని భావము. హిందీ బైబిలులో "ధర్మీ ఠహర్నా" అందురు, ధర్మాత్ములుగా నిర్ణయింపబడుట. ఈ రెండు భాషలవారికి ముగ్గు అడ్డము రాదు. "గణిత" అని వినినవాడు తన ముఖమును అద్దములో చూచుకొనడు. లెక్క వ్రాసినవాని చేతివైపు చూచును.

అట్లయిన మన అనువాదకులు తప్పుచేసిరా? అంత తొందరపడి అనరాదు. తెలుగు అనువాదముయొక్క చరిత్ర కష్టముతో ఆరంభమైనది. 1805లో విశాఖపట్నము వచ్చిన లండను మిషనువారు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి ఈ పని మొదలుపెట్టిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడుపడెను. 1809లో ఒకరు, 1810లో మరియొకరు కాలధర్మము నొందిరి. వారి చేతి సువార్తలు 1812లో శ్రీరామపురములో అచ్చయినవి. ప్రిట్చెట్‌గారి క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడెను. అటుపిమ్మట ఎన్నో చేతులు దిద్దినవి. "తీర్పు" అను మాటతో ముడిపడిన క్రియను ఏరుకొనుటలో వారి యుద్దేశము స్పష్టమే, న్యాయస్థానమును చూపవలెనని. అదియుగాక రోమా 4వ అధ్యాయమున అబ్రాహాముయొక్క విశ్వాసమును గూర్చి చెప్పునప్పుడు మన బైబిలే "ఎంచు" అను అచ్చతెలుగు క్రియను మరల మరల వాడినది. ఒడియావారి "గణిత" మనకును కలదు, అధ్యాయము ముందున్నది. 4వ అధ్యాయము చదువక 5వ అధ్యాయములోనికి దూకుట మన బోధకుల అలవాటు. ఆశీర్వాదములు 5వ అధ్యాయములో నున్నవి గదా!

ఇక్కడ ఒక ఆక్షేపణ రావలెను. రానియెడల మనము శ్రద్ధగా వినుటలేదన్నమాట. దోషిని నిర్దోషి అని చెప్పు న్యాయాధిపతి మంచివాడా? సామెతలు 17:15 అట్టివాడు యెహోవాకు హేయుడనుచున్నది. పౌలుగారు రోమా 4:5లో దేవుడు సరిగా అదే పని చేయుచున్నాడనుచున్నారు, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చుచున్నాడని! ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి భయపడని వానికి సువార్త ఇంకను చప్పిడిగానే యుండును. దీనికి జవాబు 3వ అధ్యాయాంతమున నున్నది. దేవుడు పాపమును చూడనట్లు నటింపలేదు. సిలువయందు దానికి శిక్ష విధించెను, తన కుమారునియందు విధించెను. కనుక ఆయన తాను నీతిమంతుడై యుండియే విశ్వసించినవానిని నీతిమంతునిగా ప్రకటించుచున్నాడు.

మన కోర్టులలో కేసు కొట్టివేయుట యొకటి కలదు. సాక్ష్యము చాలక, సందేహలాభము క్రింద, ముద్దాయిని విడిచిపెట్టుదురు. వాడు బయటికి వచ్చును గాని, ఊరిలో తల ఎత్తుకొని నడువలేడు. "చేసే యుంటాడు, రుజువు కాలేదు గాని" అని వెనుక చెప్పుకొందురు. మన విశ్వాసులలో అనేకులు దేవునియెదుట ఇట్లే మెలగుచున్నారు, పట్టుబడకుండ బయటపడినవారివలె. దేవుని తీర్పు అట్టిది కాదు. అక్కడ సాక్ష్యము చాలక పోలేదు. సాక్ష్యమంతయు వచ్చినది, నేరమంతయు రుజువైనది, శిక్షయు తీరినది. తిరిగి తెరచుటకు ఆ కేసులో ఏమియు మిగులలేదు.

అప్పు మాటయు ఇట్టిదే. ఈ జిల్లాలో అప్పు అనగానేమో చెప్పనక్కరలేదు. 1960వ దశకము చివర ఇచ్చటి కొండలలో చెలరేగిన గిరిజన పోరాటమునకు గల కారణములలో షావుకార్ల అప్పులు, వాటి క్రింద పోయిన భూములు ముఖ్యమైనవి. ఎంత చెల్లించినను తరుగని బాకీ, చదువురానివానికి వేరొకడు వ్రాసిన పద్దు. అట్టి ఇంట పెరిగినవానికి "నీ అప్పు తీరినది" అను మాట విన్నను నమ్మకము కుదరదు. ప్రోనోటు చేతికి రావలెను. దానిని కన్నులయెదుట చింపవలెను. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:14లో పౌలుగారు చూపునది ఇదే: మనకు విరోధముగానున్న పత్రము మేకులతో సిలువకు కొట్టబడినది. అప్పు తీరినదని నోటిమాటగా చెప్పి ఊరకుండక, పత్రమెక్కడ నున్నదో చూపెను.

ఇక రెండవ మాట. తీర్పు తీరిన తరువాత పౌలుగారు మొదట చెప్పు మేలు దేవునితో సమాధానము. మన తెలుగు బైబిలులో ఈ వాక్యము "కలిగియుందము" అను క్రియతో ముగియును. అది ప్రబోధము, రండి, కలిగియుందమని పిలుపు. "కలిగియున్నాము" అనియుంటే అది వార్త. ఈ భేదము గ్రీకులో ఒక్క అచ్చు దగ్గర నున్నది. "ఎఖొమెన్" అని ఒ హ్రస్వమైనచో కలిగియున్నామని, "ఎఖోమెన్" అని ఓ దీర్ఘమైనచో కలిగియుందమని అర్థము. హ్రస్వదీర్ఘములు ఎరిగిన తెలుగువారికి ఇది సులభముగా బోధపడును. ప్రాచీనమైన వ్రాతప్రతులలో ముఖ్యమైనవి దీర్ఘమునే చూపుచున్నవి. సీనాయి ప్రతిలోను వాటికను ప్రతిలోను మొదట దీర్ఘముండగా తరువాత ఎవరో హ్రస్వముగా దిద్దిరి. 1611 నాటి ఆంగ్ల బైబిలు హ్రస్వమును, 1881 నాటి సవరణ దీర్ఘమును అనుసరించినవి. ఆ రెండు అచ్చులు వినుటకు ఒక్కటిగానే తోచు కాలము వచ్చినది గనుక, చెప్పగా విని వ్రాయు లేఖకుడు పొరబడుట సులభము. నేటి పండితులలో పలువురు, వ్రాతప్రతుల బలము ఎట్లున్నను, పౌలుగారి వాదమునకు తగినది హ్రస్వమే అనుచున్నారు.

నేనును అటువైపే మ్రొగ్గుదును. ఏలయనగా 10వ, 11వ వచనములలో పౌలుగారు మనము శత్రువులమై యుండగానే సమాధానపరచబడితిమని, ఆ సమాధానస్థితిని ఇప్పుడు పొందియున్నామని జరిగిపోయిన సంగతిగా చెప్పుచున్నారు. జరిగినదానిని గూర్చి వాదించుచున్నవాడు నడుమ దానిని ఆజ్ఞగా మార్చునా? దీర్ఘమును నిలుపుకొనువారు "ఉన్న సమాధానమును అనుభవింతము" అని అర్థము చెప్పుదురు. అట్లు చెప్పినయెడల నాకు పేచీ లేదు. మన సంఘములలో జరుగుచున్నది వేరు. "కలిగియుందము" అని చదువబడగానే, సమాధానము మన ప్రయత్నముతో తెచ్చుకొనవలసిన సరకు అయిపోవుచున్నది. ఉపవాసముండుడి, మేలుకొని ప్రార్థించుడి, అప్పుడు సమాధానము కలుగునని బోధ. ఉపవాసప్రార్థనలను నేను తక్కువ చేయుటలేదు. అవి యింటిలోపలి పనులు. తలుపు తెరచు తాళపుచెవి కావు.

"సమాధానము" అను మాటనుగూర్చియు ఒక సంగతి. సంఘము వెలుపలి తెలుగువానికి సమాధానమనగా జవాబు. మందిరములో ఈ మాట శాంతి అను అర్థమున వాడుట విని క్రొత్తగా వచ్చినవారు తికమకపడుదురు. నాకైతే ఆ రెండర్థములు కలిసి యుండుట బాగుగానే తోచును. నిందకు జవాబు దొరికిననే మనస్సుకు శాంతి. రోమా 8:33లో పౌలుగారు నేరము మోపువాడెవడని అడుగుటకు ధైర్యము చేసినది జవాబు చేతిలో నుండుటచేతనే.

ఇక కీర్తనలు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించిరి. వంగదేశపు బ్రాహ్మణ వంశమువారు, వైష్ణవులు; పెరిగినది ఈ పర్లాకిమిడి సీమలోనే. శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను దొరసానిద్వారా క్రైస్తవ కరపత్రములు వారికి అందినవి. 1833లో కటకమునకు పోయి బాప్తిస్మము పొందిరి. అటుపిమ్మట విశాఖపట్నము, శ్రీకాకుళము, బరంపురము ప్రాంతములలో సువార్తికులుగా తిరిగి, 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో రాగతాళములతో అచ్చయి నేటికిని పాడబడుచున్న వారి పాటలు అనేకములు. కులమును విమర్శించుచు "కులాచారపరీక్ష" వ్రాసినది కూడ వారే. పుట్టుకచేతనే పుణ్యమునకు హక్కుగలవాడనిపించుకొనిన మనిషి దానిని విడిచి, తీర్పునకు నిలువబడెననుట మరువరాదు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో పౌలుగారు తన వంశమును, ఆచారమును లెక్కించి అవతల పెట్టిన చోటు చదువునప్పుడు నాకు చౌదరిగారు జ్ఞాపకము వత్తురు.

"త్రాహిమాం క్రీస్తునాథ" అను వారి కీర్తన తెలియని తెలుగు సంఘము అరుదు. రక్షింపుమని మొర. తన ఇంద్రియములు గవ్వపాటి చేయనివని ఒప్పుకొనుచు, పాదములే దిక్కని చేరుట. ఇందులోని భాష వైష్ణవ శరణాగతి భాష. చౌదరిగారు దానిని దాచుకొనలేదు, దాచుకొనవలసిన పనియు లేదు. తెలుగు కీర్తనలలోని భక్తివేదాంతముపై ఆర్. ఆర్. సుందరరావుగారు 1983లో ఆంగ్లమున ఒక గ్రంథమే వెలువరించిరి. ఈ కీర్తనకు ఎనలేని బలము దాని నిజాయితీ. పాడువాడు తన తరపున ఒక్క సాక్షినైనను పిలువడు. పండితుడైన బ్రాహ్మణుడు వ్రాసిన మాటలను కూలివాడు తన మాటలుగా పాడగలుగుట చిన్న సంగతి కాదు. దేవుని యెదుట ఇద్దరి చేతులు ఖాళీయే.

అయినను విమర్శకుడు ఒక ప్రశ్న అడుగక తప్పదు. ఈ కీర్తన ఎక్కడ ముగియును? పాదములయొద్దనే. మొర పెట్టినవాడు మొరలోనే యుండును. లూకా 18వ అధ్యాయములోని సుంకరివలె దూరముగా నిలిచి రొమ్ము కొట్టుకొనును. కాని ప్రభువు చెప్పిన ఉపమానము అక్కడ ముగియలేదు. 14వ వచనములో ఆ సుంకరి నీతిమంతుడుగా తీర్చబడి తన యింటికి వెళ్లెనని ప్రభువు సెలవిచ్చుచున్నాడు. ఇది పౌలుగారు వాడిన క్రియయే. పరిసయ్యుడును ఇంటికి పోయెను, సుంకరియు పోయెను. ఒకడు వచ్చినట్లే పోయెను, ఒకడు తీర్పు తీసికొని పోయెను. సుంకరి మరుసటి వారము మరల వచ్చి, ఏమియు జరుగనట్లు, అదే దూరమున నిలిచి అదే మాట చెప్పెనని ఉపమానములో లేదు.

ఇది చౌదరిగారి దోషమని నేననుటలేదు. మొరకు మొర రూపముండవలెను; ఆ రూపములో అది సంపూర్ణము. వారి తక్కిన కీర్తనలలో స్తుతికిని సంతోషమునకును కొదువ లేదు. దోషము మన వాడుకలోనిది. మా ప్రాంతపు కూటములలో మొర కీర్తనలు పాడినంతగా, అంత ఆర్తితో, తీర్పు వినినవారి పాటలు పాడుట నేను తక్కువగా వినియున్నాను. కన్నీరు రాని కూటము కూటమే కాదని తలంచువారు ఉన్నారు. ప్రతి ఆదివారము రొమ్ము కొట్టుకొని, ఆ జవాబు వినకయే లేచిపోవుదుము. నలువది సంవత్సరములు ఇట్లు జరిగినయెడల ఆ వృద్ధురాలి మాట మరియొక విధముగా ఎట్లుండును?

దీనికి ఎదురైన తప్పు ఈ కాలపు పాటలలోను సాక్ష్యములలోను కనబడుచున్నది. అవి మొరను దాటి, తీర్పును దాటి, తిన్నగా మేలులలోనికి దూకును. విశ్వసించినాను, ఉద్యోగము వచ్చినది. విశ్వసించినాను, డాబా వేసితిమి. అబ్బాయికి వీసా దొరికినది. ఇవి దేవుడిచ్చిన మేలులు కావని ఎవరనగలరు? కృతజ్ఞత చెప్పవలసినదే. కాని పౌలుగారి పట్టికలో ఇవి లేవు. వాటికి బదులు శ్రమ ఉన్నది! తీర్చబడినవారి ఆశీర్వాదములలో శ్రమను చేర్చిన పట్టికను మన ఉజ్జీవకూటపు గోడపత్రికలపై నేనెన్నడును చూడలేదు.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు కూలిపోయినవి. తాత నాటిన చెట్టు ఒక్క రాత్రిలో పోయిన ఇల్లు ఆ పల్లెలలో ఎన్నో. అదే ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి కుటుంబములను నమలుచున్నది. రక్తశుద్ధికై వారమునకు రెండు మూడు మారులు ఆసుపత్రి మంచమెక్కువారున్నారు. అట్టివానియొద్దకు పోయి, నీతిమంతుని ఆశీర్వాదము ఆరోగ్యమని చెప్పుడు! అతడు రెంటిలో ఒకటి తలంచవలెను: దేవుడు అబద్ధికుడు, లేదా నేను ఇంకను దోషిని. సాధారణముగా మంచివాడు రెండవదే తలంచును. రోగము దేహమును తినుచుండగా మన బోధ అతని మనస్సాక్షిని తినును. ఇది నేను ఊహించి వ్రాయుటలేదు. మంచముప్రక్క కూర్చుండిన కాపరులందరు ఎరుగుదురు.

పౌలుగారి వరుస వేరు. తీర్పు ముందే తీరిపోయినది గనుక, తరువాత వచ్చు శ్రమ శిక్ష కాజాలదు. ఒకే నేరమునకు రెండు మారులు శిక్ష విధించుట ఏ న్యాయస్థానములోను లేదు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షకు నిలిచిన గుణమును, అది నిరీక్షణను కలిగించునని ఆయన చెప్పునది దీని మీద ఆధారపడి చెప్పుచున్నారు. తీర్పు తెలియనివానికి ఈ మెట్లు ఎక్కుట సాధ్యము కాదు. మొదటి మెట్టుమీదనే "నేనేమి పాపము చేసితినో" అని కూలబడును. యోబుయొక్క స్నేహితులు చేసిన పని అదే, మెట్టు మొదట కూర్చుండి ఆ ప్రశ్ననే అడుగుచుండిరి. "నిరీక్షణ" అను మన తెలుగు మాటలో ఎదురుచూచుట కలదు. తుపాను పోయిన తరువాత మరల మొక్క నాటినవాడు కాయకై ఏండ్లు ఎదురుచూచును. ఆ యెదురుచూపులో ఆశయు ఓర్పును వేరుచేయరానివి. తీర్చబడినవాని నిరీక్షణ దానికంటె స్థిరము. ఏలయనగా అది తన చేతి మొక్కపై నిలిచినది కాదు, తాను శత్రువై యుండగానే తనకొరకు మరణించినవాని ప్రేమపై నిలిచినది. 6వ వచనమునుండి 10వ వచనమువరకు పౌలుగారు చేయు వాదమంతయు ఇదే. బలహీనులమై యుండగా, పాపులమై యుండగా, శత్రువులమై యుండగా. మూడు మెట్లు క్రిందికి దిగి, అక్కడనుండి "మరి నిశ్చయముగా" అని పైకి చూపును. ఈ వాదమును నెమ్మదిగా చదివి వినిపించినయెడల రోగికి వేరే ప్రసంగము అక్కరలేదు.

ప్రవేశమను మేలునుగూర్చి ఒక్కమాట. రాజుగారి కచేరీలోనికి తీసికొనిపోవు మనిషి లేనిదే పర్లాకిమిడి కోటలో అడుగుపెట్టుట సామాన్యునికి సాధ్యమైయుండదు. పౌలుగారి మాటలో ఆ చేయిపట్టి తీసికొనిపోవుట కలదు. అయితే పనిచెప్పుకొని తిరిగి పంపివేయుటకు కాదు. ఆ కృపలో నిలిచియున్నామని ఆయన వ్రాయుచున్నారు. సుంకరి దూరముగా నిలిచెను. తీర్చబడినవాడు లోపల నిలుచును. నిలుచుట ఒక్కటే, చోటు మారినది.

కనుక కాపరులకు నాదొక చిన్న విన్నపము. మొర కీర్తనలను మానవలదు. చౌదరిగారి కీర్తన పోయిననాడు మనకు నిజాయితీ పోవును. ఆరాధనలో దానిని ముందు పెట్టుడి. పాడిన వెంటనే ప్రార్థనలోనికి పరుగెత్తక, కొంతసేపు ఊరకుండుడి. అప్పుడు ఒకరు లేచి లూకా 18:14 చదువవలెను. తరువాత రోమా 4వ అధ్యాయములోని "ఎంచు" అను మాటలు గల వచనములను, పిమ్మట 5వ అధ్యాయములోని పదునొకండు వచనములను చదువవలెను. "కలిగియుందము" అను చోట కాపరి ఆగి, ఇది మనకు ఇయ్యబడియున్నదని ఒక్క వాక్యములో చెప్పవలెను. పాతపట్నమువంటి ఊళ్లలో ఒడియా సహోదరుడు అదే భాగమును తన భాషలో చదివిన మరియు మంచిది. "గణిత" అను మాట తెలుగువారికిని వినబడును. అంతవరకు తల వంచి కూర్చుండిన సంఘము అప్పుడు లేచి నిలువబడి స్తుతికీర్తన ఎత్తుకొనవచ్చును.